పాత కట్టడాన్ని మున్సిపాలిటీ హెరిటేజ్‌గా ప్రకటించగలదా? ప్రకటిస్తే కూల్చకుండా ఆగుతుందా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు కూడా పనికొస్తుంది. మీ ఊరి బజారులో, మున్సిపాలిటీ స్థలంలోనే, వందేళ్లు దాటిన పఠన మందిరం ఉంది, దాని వెనకవైపు కొంత ఖాళీ స్థలమూ ఉంది. పైకప్పు కారుతోందని పదేళ్లుగా తాళం వేసి ఉంచారు. దాన్ని కూల్చి షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలని కౌన్సిల్ ఎజెండాలో పెట్టారు. పక్క వీధిలో ఇద్దరు అన్నదమ్ముల ఉమ్మడి పేరున ఉన్న మండువా లోగిలి కూడా బిల్డర్ చేతికి పోతుందని విన్నారు. ఈ రెండింటినీ మున్సిపాలిటీ తనంతట తాను హెరిటేజ్ అని ప్రకటించి కాపాడగలదా అన్నది మీ ప్రశ్న. మీది ఆంధ్రప్రదేశా తెలంగాణా అన్నది రాయలేదు, అందుకని రెండూ కలిపి చెబుతాను.

నేను టౌన్ ప్లానింగ్ విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి ఫైళ్లు గెలిచినవీ ఉన్నాయి, ఓడినవీ ఉన్నాయి. ఓడినవే ఎక్కువ.

సూటిగా చెప్పాలంటే, మామూలు మున్సిపాలిటీ చేసే తీర్మానం ఒక్కదానితో ఏ భవనానికీ చట్టరక్షణ రాదు. తీర్మానం అంటే ప్రతిపాదన మాత్రమే. రక్షణ వచ్చేది ప్రభుత్వం గెజిట్‌లో ఇచ్చే నోటిఫికేషన్‌తో, లేదా మాస్టర్ ప్లాన్‌తో పాటు అమల్లో ఉండే, ఎక్కడ ఏం కట్టవచ్చో చెప్పే జోనింగ్ నిబంధనలతో. అలాగని మున్సిపాలిటీ చేతిలో ఏమీ లేదనుకోకండి. కొత్త భవనానికి ప్లాన్ ఇచ్చేది అదే, పాతదాన్ని శిథిల భవనమని నోటీసు ఇచ్చేదీ అదే. ఇక మీ పఠన మందిరం దాని సొంత ఆస్తి. సొంత ఆస్తిని కూల్చకుండా ఊరుకోవడానికి ఎవరికీ ఏ చట్టమూ అక్కర్లేదు.

రాజ్యాంగం మాట ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి అదీ చెప్పేస్తాను. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగ్గ 18 అంశాలున్నాయి. పట్టణ ప్రణాళిక మొదటిది. సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాలను పెంపొందించడం 13వది. అప్పగించదగ్గవి అన్నాను, అప్పగించినవి అనలేదు. ఏది ఎంత ఇవ్వాలన్నది రాష్ట్రం చేతిలో ఉంది. వారసత్వం విషయంలో మన రాష్ట్రాలు మున్సిపాలిటీలకు ఇచ్చింది బహు తక్కువ.

ఇప్పుడు జాబితాల సంగతి. జనం "హెరిటేజ్ లిస్టులో ఉందండీ" అంటారు. ఏ లిస్టు అని అడిగితే చాలామందికి తెలియదు. అసలు తేడా అంతా అక్కడే ఉంది.

కేంద్ర పురావస్తు శాఖ జాబితా ఒకటి. 1958 చట్టం కింద నడుస్తుంది, దేశం మొత్తం మీద సుమారు 3,700 కట్టడాలు, స్థలాలు ఉన్నాయి. కట్టడానికి కనీసం వందేళ్లు ఉండాలి, జాతీయ ప్రాధాన్యం ఉండాలి. చార్మినార్, గోల్కొండ, లేపాక్షి ఈ కోవలోవి. ముందు ప్రాథమిక నోటిఫికేషన్ ఇస్తారు, దాని ప్రతిని కట్టడం దగ్గర అంటిస్తారు. అభ్యంతరాలకు రెండు నెలలు గడువు. తర్వాతే తుది నోటిఫికేషన్. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఆఫీసుల్లో కూడా తప్పు చెప్పే విషయం ఇది. 2010 సవరణ ప్రకారం రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. దాని అంచు నుంచి ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అంటే మొత్తం 300 మీటర్లు. "వందా, రెండొందలా" అని విని రెండొందల దగ్గర ఆపేసేవాళ్లను ఎంతమందిని చూశానో. కొలత మొదలయ్యేది గోపురం నుంచో మినారు నుంచో కాదు, నోటిఫై అయిన స్థలం హద్దు నుంచి. టేపు ఎక్కడ పెట్టారన్న దాని మీదే కొన్ని అపార్ట్‌మెంట్ల తలరాతలు మారిపోయాయి.

రెండోది రాష్ట్ర జాబితా. ఉమ్మడి రాష్ట్రానికి 1960 నాటి ప్రాచీన, చారిత్రక కట్టడాల చట్టం ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ అదే ఆధారం. తెలంగాణ 2017లో తన సొంత హెరిటేజ్ చట్టం తెచ్చుకుంది. రెండు చోట్లా ప్రతిపాదన వెళ్లాల్సింది రాష్ట్ర పురావస్తు శాఖకే. మీ పఠన మందిరానికి వీలైన తలుపు ఇదే.

మూడోది స్థానిక జాబితా, అంటే నగరాభివృద్ధి సంస్థో కార్పొరేషనో ప్రణాళికా నిబంధనల కింద తయారుచేసుకునేది. నాలుగోది ఇంటాక్ లాంటి స్వచ్ఛంద సంస్థలు చేసే జాబితా. 1984లో పుట్టిన ఇంటాక్ చేసిన సర్వేలు చాలా విలువైనవి, నేను ఎన్నోసార్లు వాటి మీద ఆధారపడ్డాను. కానీ అందులో పేరున్నంత మాత్రాన బుల్‌డోజర్ ఆగదు. అది ఆధారం అవుతుంది, ఆజ్ఞ కాదు.

స్థానిక జాబితా ఎలా పుడుతుంది, ఎలా పనిచేస్తుంది, ఎలా పోతుంది అన్నది తెలుసుకోవాలంటే హైదరాబాదు కథే చూడాలి. బొంబాయి 1995 ఏప్రిల్‌లో దేశంలోనే మొదటిసారి నగర స్థాయి హెరిటేజ్ నిబంధనలు తెచ్చుకుంది. అదే ఏడాది డిసెంబరులో అప్పటి హుడా (హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లోకి 13వ నిబంధన వచ్చి చేరింది. 1998 మార్చిలో జాబితా నోటిఫై అయింది. నూటికి పైగా కట్టడాలు, వాటితో పాటు రాళ్ల గుట్టలు కూడా. అవును, రాళ్లే. కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు బండలు చారిత్రక సంపద అని ఒక నగరాభివృద్ధి సంస్థ రాతపూర్వకంగా ఒప్పుకోవడం అప్పట్లో మాకే వింతగా అనిపించింది.

ఇందులో తెలివి ఎక్కడుందో చూడండి. పురావస్తు చట్టం జోలికి వెళ్లలేదు. ప్రణాళికా నిబంధననే వాడుకున్నారు. పురావస్తు శాఖ ఒక కట్టడాన్ని తీసుకుంటే సాధారణంగా అక్కడ సంసారాలు, దుకాణాలు ఉండవు, కంచె వేసి కాపలా పెడతారు. ఊళ్లో పాత కట్టడాలు అలా కాదు. వాటిలో జనం కాపురాలు ఉంటారు, ఆస్పత్రులు నడుస్తాయి, కూరగాయలు అమ్ముతారు. 13వ నిబంధన వాటిని అలా వాడుకుంటూనే ఉండనిచ్చింది. కూల్చాలన్నా, మార్చాలన్నా, పెద్ద మరమ్మతు చేయాలన్నా ముందు హెరిటేజ్ కన్జర్వేషన్ కమిటీ సలహా తీసుకుని హుడా ఇచ్చే అనుమతి ఉండాలంది. యజమాని మారడు, వాడకం మారదు. మార్పుకు మాత్రం అడగాలి.

ఈ పద్ధతిలో గ్రేడ్లు ఉంటాయి. బొంబాయిలో మొదలై తర్వాత కేంద్రం ఇచ్చిన 2016 నమూనా బిల్డింగ్ నిబంధనల దాకా ఇదే లెక్క. మొదటి గ్రేడు అంటే దాదాపు ముట్టుకోకూడదు. రెండో గ్రేడులో ఎ, బి రెండు రకాలు. లోపల మార్పులు, బిలో అయితే అదే స్థలంలో జోడింపు కూడా వీలవుతుంది. మూడో గ్రేడు వీధి రూపానికి సంబంధించింది, అక్కడ ఇంకాస్త వెసులుబాటు. జాబితాలో పడితే మేకు కూడా కొట్టనివ్వరని ఆ మండువా ఇంటి అన్నదమ్ములకు ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాట మొదటి గ్రేడుకు కొంత నిజం, మూడోదానికి అసలు కాదు.

ఇది ఎలా పోయిందో కూడా చెప్పాలి. రాష్ట్రం విడిపోయాక, 2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఒక్క జి.వో.తో 13వ నిబంధనను తీసేసింది. రెండేళ్లకు హెరిటేజ్ చట్టం వచ్చింది గానీ, పాత జాబితాలోని భవనాలన్నీ కొత్త చట్టంలోకి నడిచి రాలేదు. 2019 జూన్‌లో ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం నిర్ణయించి శంకుస్థాపన కూడా చేసేసింది. అది నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన భవనం, పాత జాబితాలో ఉన్నదే. కొందరు హైకోర్టుకు వెళ్లారు. కొత్త చట్టం జాబితాలో దాని పేరు లేదన్నది ప్రభుత్వం వాదన. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. చట్టం చెప్పిన దారిలో ఆలోచించకుండా నిర్ణయం తీసుకున్నారన్నది అందులోని సారం. నిబంధన పోయినా, ఒకప్పుడు నోటిఫై అయిన ఆ పాత కాగితం లేకపోతే ఆ కేసు ఆ మాత్రం నిలబడేది కాదని నా అభిప్రాయం. భవనం అందం గురించి కోర్టులో ఎంత మాట్లాడినా జడ్జిగారు చివరికి అడిగేది "ఏ జి.వో., ఏ తేదీ, ఏ సీరియల్ నంబరు" అనే.

అందుకే గుర్తింపు అనే పని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. చట్టం తర్వాత సంగతి. ముందు "ఇది ఫలానా, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా, ఇందుకు విలువైనది" అని కాగితం మీద నిలబెట్టాలి.

కోస్తాలో ఒక చిన్న పట్టణం. స్టేషన్ రోడ్డులో పాత సత్రం. ఎప్పుడు కట్టారంటే ఒకరు రెండొందల ఏళ్లన్నారు, ఒకరు మా తాత చిన్నప్పటిదన్నారు. గుమ్మం పక్కన గోడలో రాతి పలక ఉంది గానీ సున్నం మీద సున్నం కొట్టీ కొట్టీ అక్షరాలు పూడిపోయాయి. నేనూ, కొలతల గొలుసు పట్టే మా చైన్‌మన్ కలిసి నీళ్లు చల్లి కొబ్బరి పీచుతో మెల్లగా రుద్దాం. ఇనుప బ్రష్షు వాడొద్దని అతనికి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. గంట తర్వాత దాత పేరు, ఆయన ఊరు, "శుభకృత్ నామ సంవత్సర మాఘ శుద్ధ దశమి" అన్నంత వరకూ కనబడింది. శక సంవత్సరం లేదు.

తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కదా. శుభకృత్ మాఘం అంటే 1843 కావచ్చు, 1903 కావచ్చు, 1963 కావచ్చు. ఏది? అప్పుడు పైకి చూశాం. వరండా కప్పుకు ఇనుప గడ్డర్లు, వాటి మీద అచ్చొత్తిన ఇంగ్లిషు అక్షరాలు, ఇంగ్లండు కంపెనీ పేరు. 1843లో మన పల్లెటూరి సత్రానికి అలాంటి గడ్డర్లు రావు. పైగా సత్రం స్టేషన్ కోసం కట్టింది. తూర్పు తీరం రైలు మార్గం వచ్చిందే 1890లలో. ఇక మున్సిపల్ ఆఫీసు అటక మీద దొరికిన 1930ల నాటి పన్ను డిమాండ్ రిజిస్టరులో ఆ సత్రం పద్దు ఉంది, కాబట్టి 1963 కాదు. 1903 అని రాసి, మూడు ఆధారాలూ జతచేశాను. ఫైలు నడిచినంత కాలం కట్టిన కాలం గురించి పైవాళ్లెవరూ ఒక్క ప్రశ్న వేయలేదు.

అదే ఫైలులో నేను చేసిన తప్పు కూడా చెబుతాను. సత్రం ముందు భాగం ఒక టి.ఎస్. (టౌన్ సర్వే) నంబరులో, వెనక వంటశాల, బావి వేరే నంబరులో ఉన్నాయి. నేను ముందు నంబరు ఒక్కటే రాశాను. కొలతల పట్టీకి, నంబరుకు పొంతన కుదరడం లేదని పైనుంచి ఫైలు వెనక్కి వచ్చింది. సరిదిద్ది పంపేలోపు వెనక స్థలం లీజుకు తీసుకున్నాయన ఒక రాత్రి వంటశాల పడగొట్టి, బావి పూడ్చేశాడు. ఆ నంబరు మీద ఏ ప్రతిపాదనా లేదు, మేం ఏమీ చేయలేకపోయాం. ముందు భాగం ఇప్పటికీ ఉంది. ఆ దారిన వెళ్లినప్పుడు నేను వెనకవైపు చూడను.

హద్దు గొడవలు పెద్ద స్థలాలకూ తప్పవు. విశాఖపట్నం దగ్గర తొట్లకొండ బౌద్ధ క్షేత్రం గొప్పదనం గురించి ఎవరికీ పేచీ లేదు. రక్షణ ఎన్ని ఎకరాల దాకా అన్నదాని మీదే ఏళ్ల తరబడి గొడవ, కోర్టు దాకా.

మీరు చేయాల్సిన వివర పత్రంలో ఏముండాలి? టి.ఎస్. నంబరు లేదా సర్వే నంబరు, సబ్ డివిజన్‌తో సహా. నాలుగు దిక్కుల హద్దులు, కొలతల స్కెచ్. యజమాని ఎవరు, ఇప్పుడు దేనికి వాడుతున్నారు. కట్టిన కాలం, దానికి ఆధారం. ఏ సామగ్రితో కట్టారు: ఇటుకా రాయా, సున్నపు గచ్చా సిమెంటా, మద్రాసు టెర్రస్సా (దూలాల మీద ఇటుక, సున్నంతో వేసే కప్పు) పెంకుటిల్లా. ఎందుకు విలువైనది అన్నది ఒక పేజీ. ఇక్కడ అందరూ కవిత్వం రాస్తారు, వద్దు. ఆ గదిలో ఎవరు ఉపన్యసించారు, ఏ ఉద్యమంలో ఏం జరిగింది, ఆ తరహా కట్టుబడి ఊళ్లో ఇంకెక్కడైనా మిగిలిందా — ఇవి రాయండి, ఒక్కోదానికి ఆధారం చూపించండి. పాత పత్రిక ముక్కైనా, గ్రంథాలయం సందర్శకుల పుస్తకమైనా, ఊరి పెద్దాయన రాతపూర్వకంగా ఇచ్చిన మాటైనా సరే. వయసు ఒక్కటే కొలమానం కాదని గుర్తుంచుకోండి. బొంబాయిలో 1930ల నాటి ఆర్ట్ డెకో భవనాలు 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలోకే ఎక్కాయి.

ఇప్పుడు అసలు ప్రమాదం గురించి. పాత భవనాల్ని కూల్చేది తీర్మానం కన్నా ఎక్కువగా శిథిలావస్థ నోటీసు. ఇంజనీరు వచ్చి చూస్తాడు, "కాలపరిమితి తీరింది, నివాసయోగ్యం కాదు, కూల్చవచ్చు" అని మూడు ముక్కలు రాస్తాడు. చాలామంది ఇంజనీర్లు చదువుకున్నది ఆర్‌సీసీ, అంటే ఇనుప కడ్డీల కాంక్రీటు. సున్నపు కట్టుబడి వాళ్లకు కొత్త. పఠన మందిరం గోడ తడి ఎక్కిందంటే, ముప్పై ఏళ్ల కిందట ఎవరో సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి ఉంటారు. గచ్చు గోడ గాలి పీలుస్తుంది. సిమెంటు కప్పితే లోపలి చెమ్మ బయటికి పోక ఇటుక పిండి పిండి అవుతుంది. వేలి కణుపుతో తట్టి చూడండి, బోలుగా మోగిన చోట సిమెంటు పొర విడిపోయినట్టు. అది వలిచి మళ్లీ గానుగ సున్నం పట్టిస్తే గోడ నిలబడుతుంది. కప్పు మీద రావి మొక్క ఉంటే పీకకండి, వేరుతో పాటు కప్పూ వస్తుంది. మొదలు దగ్గర కోసి, వేరును మందుతో చంపాలి. మున్సిపల్ చట్టాలు కూడా శిథిల భవనాన్ని కూల్చమని మాత్రమే చెప్పవు. మరమ్మతు చేయించడం, ఊతం పెట్టి భద్రపరచడం, చుట్టూ కంచె వేయడం కూడా అందులో ఉన్నాయి. నోటీసులో ఆ మిగతా మాటలు ఎందుకు లేవని అడగండి. సున్నపు కట్టడాలు తెలిసిన కన్జర్వేషన్ ఇంజనీరుతో రెండో నివేదిక కోరండి.

మండువా లోగిలి సంగతి వేరు, కష్టం కూడా. ప్రైవేటు ఆస్తి. రాజ్యాంగంలోని 300ఎ అధికరణ ఉంది, చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ లాక్కోకూడదు. నోటీసు ఇవ్వకుండా, అభ్యంతరం వినకుండా జాబితాలో చేర్చితే ఆ యజమాని కోర్టుకు వెళ్లి గెలుస్తాడు, గెలవాలి కూడా. ఇంటిని కాపాడాలని ఊరంతా అనుకుని, రిపేరు ఖర్చు మాత్రం ఆ ఇద్దరి నెత్తిన పెడితే న్యాయం ఏముంది? దీనికి ప్రణాళికా శాస్త్రం చెప్పే మందు టీడీఆర్, అంటే బదిలీ చేసుకోదగ్గ అభివృద్ధి హక్కు. ఇంటి మీద కట్టుకోలేని అంతస్తుల హక్కును సర్టిఫికెట్‌గా ఇస్తారు, దాన్ని బిల్డర్‌కు అమ్ముకోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2012 నాటి జి.వో. 168 నిబంధనల్లో హెరిటేజ్ భవనాలకు టీడీఆర్ మాట ఉంది. కానీ చిన్న పట్టణంలో ఆ సర్టిఫికెట్ కొనేవాడు దొరకడు. అక్కడ అంతస్తులకే గిరాకీ లేనప్పుడు గాల్లో హక్కు ఎవరికి కావాలి? కాబట్టి చట్టం గురించి మాట్లాడే ముందు వెళ్లి ఆ అన్నదమ్ములతో కూర్చోండి. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను వారసులే బాగుచేయించుకున్నారు, 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. అందరికీ అంత స్తోమత ఉండదు, నిజమే. కానీ ఇల్లు వాళ్లకు బరువా, గౌరవమా అన్నది ముందు తేలాలి. ఏదీ కుదరకపోతే కనీసం ఇల్లు కొలిచి, ఫోటోలు తీయనివ్వమని అడగండి.

కొలిచి ఉంచడం ఎందుకంటే, ఒక సంగతి చెబుతాను. ఇంగ్లండులో పద్ధతి మనకన్నా పదునుగా ఉంటుంది. భవనాన్ని జాతీయ జాబితాలో చేర్చేది ప్రభుత్వమే అయినా, వీధులకు వీధుల్ని కన్జర్వేషన్ ఏరియాగా ప్రకటించే అధికారం 1967 నుంచి స్థానిక కౌన్సిళ్లకు ఉంది. ఏదైనా భవనాన్ని కూల్చేసే ప్రమాదం ఉందనిపిస్తే కౌన్సిలే నోటీసిచ్చి ఆరు నెలల పాటు లిస్టయిన భవనంతో సమానంగా కాపాడవచ్చు, ఈలోపు పైవాళ్లు తేలుస్తారు. మనకు సరిగ్గా ఇదే లేదు. ఫైలు తిరిగే ఆ ఆరు నెలల్లోనే మన దగ్గర గోడలు పడిపోతాయి. లండన్‌లో కార్ల్టన్ టావెర్న్ అని 1920ల నాటి పబ్బు ఒకటి ఉండేది. లిస్టింగ్ పరిశీలనలో ఉండగానే 2015 ఏప్రిల్‌లో యజమానులు అనుమతి లేకుండా కూల్చేశారు. వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ ప్లానింగ్ అధికారం వాడి, ఉన్నదున్నట్టు ఇటుక ఇటుకా మళ్లీ కట్టమంది. అప్పీలులోనూ అదే నిలిచింది. 2021లో పబ్బు మళ్లీ తెరిచారు. ఉన్నదున్నట్టు కట్టమనగలిగారు అంటే, ఎలా ఉండేదో ముందే వివరంగా రికార్డు చేసి ఉంచారు కాబట్టి. లిస్టు కాకముందే, మామూలు ప్లానింగ్ అధికారంతోనే ఆ పని చేశారన్నది మన కమిషనర్లకు చూపించాల్సిన విషయం.

ఇక మీరు వెంటనే చేయాల్సినవి. సమాచార హక్కు కింద ఎజెండా ప్రతి, తీర్మానం అయిపోయి ఉంటే దాని ప్రతి, శిథిలావస్థ నివేదిక అడగండి. జవాబుకు ముప్పై రోజులు పట్టవచ్చు, కాబట్టి దానికోసం ఆగకుండా కమిషనర్‌కు, కలెక్టర్‌కు, పురావస్తు శాఖ డైరెక్టర్‌కు అదే రోజు వినతి ఇచ్చి ముద్ర వేయించిన రసీదు తీసుకోండి. కౌన్సిల్ తీర్మానాన్ని నిలిపేసే, రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది, అది వినతిలో కోరండి. తెలంగాణ అయితే 2017 చట్టం కింద జిల్లా స్థాయి హెరిటేజ్ కమిటీకి కూడా ఒక ప్రతి. దగ్గర్లో ఇంటాక్ చాప్టర్ ఉంటే వాళ్ల లేఖ జతచేయండి. హైకోర్టు రిట్ చివరి మెట్టు, కానీ కూల్చే తేదీ బయటికొస్తే ఆలస్యం చేయకండి. ఫోటోలు, స్కెచ్, వినతి రసీదు ఉంటేనే వకీలు అదే వారం స్టే అడగగలడు.

ఇంకో మాట, ఇది ఏ నిబంధనలోనూ ఉండదు. కౌన్సిల్‌కు పఠన మందిరం మీద కోపం లేదు. వాళ్లకు కావాల్సింది షాపుల అద్దె, ముందుగా వచ్చే డిపాజిట్లు. జీతాలకు కూడా కటకటలాడే మున్సిపాలిటీకి చరిత్ర పాఠం చెబితే వినదు. స్థలం వెనకవైపు ఖాళీ ఉందన్నారు కదా, అక్కడ ఎన్ని షాపులు పడతాయి, అద్దె ఎంత వస్తుంది, ముందు భవనాన్ని మరమ్మతు చేసి కింద గదుల్ని ఇస్తే ఎంత వస్తుంది — లెక్క వేసి ఒక పేజీలో కౌన్సిలర్ల ముందు పెట్టండి. హైదరాబాదులో 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేసినప్పుడు దాన్ని మ్యూజియం చేయలేదు, షాపులు షాపులుగానే ఉన్నాయి, ఐస్‌క్రీమ్ కోసం ఇప్పటికీ జనం నిలబడుతున్నారు. ప్రతిపక్ష కౌన్సిలర్‌ను ఒక్కడినే పట్టుకోవద్దు, విషయం పార్టీల గొడవైపోతే మీ భవనం మధ్యలో నలిగిపోతుంది. చైర్మన్ వార్డులోని నలుగురు వ్యాపారులు మీవైపు మాట్లాడితే పని సులువు.

టి.ఎస్. నంబరు, సబ్ డివిజన్ తెలుసుకుని ఇక్కడ పెట్టండి, వివర పత్రం ఎలా నింపాలో కలిసి చూద్దాం. ఫోటోలు తీసేటప్పుడు లోపలి కప్పు గడ్డర్ల మీద అక్షరాలున్నాయేమో చూడండి. గోడలో పలక ఉంటే దాన్ని మాత్రం నేను చెప్పేదాకా రుద్దకండి.